గాడి చూసిన బేరం

గోదావరి కాలవ శివారున ఒక ఊళ్ళో సత్తిబాబు అనే రైతు ఉండేవాడు. సొంతం ఆరెకరాలు, కౌలుకి పధ్నాలుగు. సార్వా వరే, దాళ్వా వరే. కష్టానికి వెనకాడే మనిషి కాదు గానీ, దమ్ము రోజులొస్తే మాత్రం దిక్కుతోచేది కాదు. ధవళేశ్వరంలో కాలవలకి నీళ్ళు వదిలాక అవి శివారు దాకా పాకేసరికి ఊరంతా ఒక్కసారే మడిలోకి దిగుతుంది. నారు ముదిరిపోతూ ఉంటుంది. కిరాయికి చెప్పిన ట్రాక్టరు ఎప్పుడు చూసినా పక్కవాడి చేలోనే తిరుగుతూ ఉంటుంది. ఫోను చేస్తే డ్రైవరు "వచ్చేస్తున్నానండి, ఇదిగో ఈ మడి అవగానే" అంటాడు. ఆ మడి నాలుగు రోజులు సాగుతుంది.

ఒక ఏడు దాళ్వా ధాన్యం డబ్బు సకాలంలో చేతికొచ్చింది. చీటీ పాట కూడా కలిసొచ్చింది. మొత్తం నాలుగున్నర లక్షలు. ట్రాక్టరు కొనెయ్యాలని సత్తిబాబు నిశ్చయించుకున్నాడు. తగువు అక్కడే మొదలైంది. కొత్తదా, పాతదా?

పెదనాన్నగారి అబ్బాయి "కొత్తదే కొనరా. పాతది కొనడమంటే అవతలివాడి తలనొప్పిని డబ్బిచ్చి తెచ్చుకోవడం" అన్నాడు. తను కూడా ఆ వేసవిలోనే కొత్తది తీసుకోబోతున్నాడు. రావిచెట్టు కింద కూచున్న ఇంకొకాయన "కొత్తదా? షోరూం గేటు దాటిన రోజే లక్ష పోయిందనుకో" అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. సత్తిబాబుకి నిద్ర పట్టనిది అందుకే.

"మా నాన్నని తీసుకెళ్ళండి" అంది భార్య మంగ.

"మీ నాన్నకి ఎడ్లు తెలుసు. ట్రాక్టరేం తెలుసు?"

"ట్రాక్టరు చూడ్డానికి మేస్త్రిని తీసుకెళ్ళండి. అమ్మేవాణ్ణి చూడ్డానికి మా నాన్నని తీసుకెళ్ళండి."

మంగ తండ్రి వీర్రాజుగారు పశువుల సంతల్లో పేరుమోసిన బేరగాడు. తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుంటే చాలు, అవతలివాడు ఎంతకి దిగుతాడో ఆయనకి తెలిసిపోయేదని చెప్పుకునేవారు. పళ్ళు చూసి వయసు చెప్పేవాడు, నడక చూసి గిట్టల జబ్బు చెప్పేవాడు. ఆయన పేరు వచ్చింది మాత్రం వేరే అలవాటు వల్ల. ఎద్దు నచ్చితే సంతలో డబ్బు ఇచ్చేవాడు కాదు. "రేపు మీ ఊరొచ్చి తీసుకుంటాను" అనేవాడు. వెళ్ళి ఎద్దును చూసేవాడు కాదు, అది మేత తినే గాడి చూసేవాడు. గాడిలో కుళ్ళిన గడ్డి ఉంటే వెనక్కి వచ్చేసేవాడు. సంతకి తోలే ముందు ఉప్పు నాకించి కడుపు నిండా నీళ్ళు తాగించి డొక్కలు నింపడం ఎవరికైనా చేతనవుతుంది. గాడిని ఒక్క రాత్రిలో బాగుచెయ్యడం ఎవరికీ చేతకాదని ఆయన లెక్క.

మామా అల్లుళ్ళూ మేస్త్రీ కలిసి ముందు పట్నంలో షోరూంకి వెళ్ళారు. కుర్రాడు కుర్చీలేసి కూల్‌డ్రింకులు తెప్పించాడు. నలభై అయిదు హెచ్‌పీ బండి, ఎనిమిది లక్షల చిల్లర, రోటవేటరు వేరే. మూడు లక్షలు కట్టి తోలుకుపోవచ్చు, మిగతాది పంటకోసారి వాయిదా. వారంటీ కాగితం చూపించాడు. సర్వీసు పుస్తకం చూపించి, వేళకి సర్వీసు చేయించి ముద్ర వేయించకపోతే వారంటీ వర్తించదని మర్యాదగానే చెప్పాడు. బండి మెరిసిపోతోంది. మేస్త్రికి పని లేకపోయింది. వీర్రాజుగారు ఒక్క ప్రశ్న వేశాడు.

"దమ్ములో ఈ బండి ఆగిపోతే మీ మనిషి ఎన్నాళ్ళకి వస్తాడు బాబూ?"

కుర్రాడు నిజాయతీపరుడు. "మామూలు రోజుల్లో అయితే ఇరవై నాలుగు గంటలండి. సీజన్లో అయితే..." అని నసిగాడు. వీర్రాజుగారు తలూపి లేచాడు. ఆ నసుగుడు ఎవరి తప్పూ కాదు. అందరి బండ్లూ ఒకే వారంలో చెడతాయి మరి.

తరవాత పాత బండ్లమ్మే యార్డు. అక్కడ కొత్త రంగు కొట్టిన బండి ఒకటి చూపించారు. అయిదేళ్ళది, మీటరు మీద 1,900 గంటలు, మూడు లక్షల ఎనభై వేలు. సత్తిబాబు చూపు దాని మీంచి మళ్ళలేదు. వీర్రాజుగారు దగ్గరికెళ్ళి బానెట్టు మీద అరచెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది.

"ఇప్పుడే ఎక్కడికైనా వెళ్ళొచ్చిందా?"

"లేదండి, మీకు చూపిద్దామని ఒకసారి స్టార్టు చేశామంతే."

"అయితే రేపు పొద్దున్నే వస్తాం. మేం వచ్చేదాకా ముట్టుకోకండి."

చల్లటి ఇంజను చెప్పే నిజం వేడి ఇంజను చెప్పదని ఆయనకి మేస్త్రి నేర్పలేదు. డొక్కలు నింపిన ఎడ్లు నేర్పాయి. ఈలోగా మేస్త్రి వంగి క్లచ్చి పెడలు చూశాడు. రబ్బరు మీద గీతలు పూర్తిగా అరిగిపోయి నున్నగా ఉంది. వెనక లిఫ్టు చేతులకి పిన్నులు దూరే బెజ్జాలు గుండ్రంగా లేవు, కోలగా సాగాయి. 1,900 గంటల్లో బెజ్జం అలా సాగదు. పాత బండ్లలో మీటరు కేబులుతో నడుస్తుంది. కేబుల్ పీకేస్తే గంటలు ఆగిపోతాయి, బెజ్జం సాగడం మాత్రం ఆగదు. మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజను ఎంతసేపటికో గానీ అందుకోలేదు. అందుకున్నాక గొట్టంలోంచి నీలం పొగ వచ్చింది. ఆయిలు కాలుతోందన్న మాట. మేస్త్రి ఆయిలు మూత విప్పితే అక్కడినుంచి కూడా గుప్పుగుప్పున ఆవిరి తన్నింది. ఇక మాట్లాడకుండా ముగ్గురూ బండెక్కారు.

రెండో బండి ఒక ఇంటి పెరట్లో ఉంది. భర్త పోయి మూడేళ్ళయిందట ఆ ఇంటావిడకి. అప్పట్నుంచి బండి రేకుల షెడ్డులో కదలకుండా ఉంది. తిరిగింది తక్కువే. గాడి శుభ్రంగా ఉంది. ఆవిడ ధర కూడా తక్కువే చెప్పింది. అయినా ఎలకలు వైరింగు కొరికేశాయి, టైర్ల పక్కలు పగుళ్ళిచ్చాయి, ట్యాంకులో డీజిలు బంకలా మారింది. ఇవన్నీ బాగుచేసుకోవచ్చు, ఖర్చు తెలుస్తుంది గనక బేరంలో తగ్గించుకోవచ్చు. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అప్పు తీరిపోయిందని ఆవిడ చెబుతోంది గానీ బ్యాంకు తాకట్టు ఆర్‌సీలో అలాగే ఉంది. ఊళ్ళో లేని కొడుకులు ఇద్దరు. వీర్రాజుగారు బేరం ఆడలేదు. బ్యాంకు దగ్గర నిరభ్యంతర పత్రం తెచ్చుకోమని, బండిని ముందు తన పేరు మీదికి మార్పించుకోమని, అప్పుడు ఇంకో యాభై వేలు ఎక్కువే వస్తుందని ఆవిడకి చెప్పి వచ్చాడు. దార్లో సత్తిబాబు "మనం కొనడానికెళ్ళి ఆవిడకి ధర పెంచొచ్చామేంటండీ మావయ్యగారూ" అని చిరాకుపడ్డాడు.

మూడో బండి చూస్తే సత్తిబాబుకి ప్రాణం ఉసూరుమంది. రంగు వెలిసిపోయింది. సీటుకి గోనెపట్టా కట్టి ఉంది. మీటరు మీద 6,400 గంటలు. ఇంటాయనకి అరవై దాటాయి. వాళ్ళు అడక్కముందే తప్పులన్నీ ఏకరువు పెట్టాడు. "బరువేస్తే లిఫ్టు మెల్లగా దిగిపోతుందండి. పంపు ఎన్నాళ్ళో ఉండదు. ముందు టైర్లు ఈ ఏడాది మార్చాలి. రెండో గేరు చలికాలంలో కాస్త మొరాయిస్తుంది."

"మరెందుకు అమ్ముతున్నారు?"

"మోకాళ్ళండి. క్లచ్చి తొక్కలేకపోతున్నాను. పొలం కౌలుకిచ్చేశాను."

మేస్త్రి పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజను తిప్పాడు. ఒక్క క్షణం నల్లగా దగ్గి సర్దుకుంది. వెనక యాక్సిలు ఆయిలు తీసి చూశాడు. దమ్ములో తిరిగిన బండికి నీళ్ళు చొరబడితే ఆ ఆయిలు మజ్జిగ రంగుకి తిరుగుతుంది. ఇది తిరగలేదు. వీర్రాజుగారు అటు చూడనే లేదు. షెడ్డులోకి వెళ్ళాడు. పారలు కడిగి, తుడిచి, నూనె రాసి గోడకి తగిలించి ఉన్నాయి. పలుపుతాళ్ళు చుట్టచుట్టి ఉన్నాయి. బండి నిలబెట్టే చోట నేల మీద ఆయిలు మరకలు రెండంటే రెండు. గోడ మీద మసిబొగ్గుతో వరసగా అంకెలు ఉన్నాయి. తేదీ, మీటరు గంటలు, పక్కన 'ఆయిలు' అనో 'ఫిల్టరు' అనో. రెండొందల యాభై గంటలకోసారి, తప్పకుండా. ఒక్క చోట వరస తప్పింది. ఆ ఖాళీలో 'అమ్మాయి పెళ్ళి' అని రాసి ఉంది.

ఆ గోడ చూశాక సత్తిబాబు మనసు మారింది. ఇంటికొచ్చాక బండి ఖాయం చేసుకుందామనుకున్నాడు. మామగారు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు, ఎంతకీ రాలేదు. సత్తిబాబు వెళ్ళి చూస్తే ఆయన అల్లుడి షెడ్డు చూస్తున్నాడు. పవర్ స్ప్రేయరు కిందటి పంటలో ఎలా వదిలారో అలాగే ఉంది, గన్నులో మందు గడ్డకట్టింది. ఆయిలింజను ఎయిర్ ఫిల్టరు మూత ఎక్కడో పోయింది. దాని మీద కొబ్బరిచిప్ప బోర్లించి ఉంది.

"అల్లుడుగారూ, ఆ బండికి వంక లేదు. కానీ ఆ పెద్దాయన స్థానంలో నేనుంటే దాన్ని మీ ఇంటికి తోలను."

సత్తిబాబు ముఖం మాడిపోయింది. "అయితే కొత్తదే కొంటాను. అప్పుడు గోడల మీద రాతలు అక్కర్లేదు."

"కొత్తదానికి వాళ్ళే పుస్తకం ఇస్తారు కదండీ. అందులో ముద్రలు లేకపోతే వారంటీ లేదని ఆ కుర్రాడు మన ముందే చెప్పాడు. రాత తప్పదు. గోడ మీదో, పుస్తకంలోనో."

అప్పటిదాకా గడపలో నిలబడి వింటున్న మంగ, గోడ మీది కేలండరు తీసుకొచ్చింది. పాలకేంద్రానికి పోసిన పాల లెక్క రోజువారీగా దాని మీద ఉంది. వెనక పేజీలో ట్రాక్టరు లెక్క వేసింది. ఇరవై ఎకరాలు, రెండు పంటలు, దుక్కీ దమ్మూ కలిపి రెండొందల గంటలు. ధాన్యం, ఎరువు, గడ్డి తోలడానికి ఇంకో వంద. ఏడాదికి మూడొందలు. కొత్తది కొంటే వాయిదాలు ఏడాదికి లక్షన్నర. "గంటకి అయిదొందలు వాయిదాకే పోతుందండీ. డీజిలు కాక, మనిషి కాక. మీరు బయట కిరాయికి తోలతారా?"

"నా చేలో పనయ్యేసరికే దమ్ము అయిపోతుంది. ఎక్కడ తోలను?"

"అయితే పెద్దాయన బండి తీసుకుందాం. రాసేది నేను. తాళం కూడా నా దగ్గరే ఉంటుంది."

మూడు లక్షల నలభై వేలకి, గొర్రూ ట్రక్కూ (ట్రెయిలరు) కలిపి, బేరం కుదిరింది. మిగిలిన లక్షా పదివేలతో రోటవేటరు కొందామన్నాడు సత్తిబాబు. మంగ ససేమిరా అంది. దమ్ము చక్రాలకి పదివేలు ఇచ్చి, లక్ష పెట్టెలో పెట్టింది. ఆ లక్ష కూడా ట్రాక్టరు ధరేనని, ఇంకా చెల్లించలేదంతేనని ఆవిడ వాదన.

రెండో ఏడు సార్వా దమ్ములో, సరిగ్గా పెద్దాయన చెప్పినట్టే, లిఫ్టు పంపు పోయింది. మేస్త్రి పక్క ఊరివాడే, సామాను పట్నంలో దొరికేదే. రోజున్నర పని ఆగింది. పెట్టెలోంచి కొంత డబ్బు కదిలింది. సత్తిబాబు అప్పుకి వెళ్ళలేదు, నారు ముదరలేదు. పెదనాన్నగారి అబ్బాయి కొన్న కొత్త బండి కూడా బంగారంలా నడుస్తోంది. అతను డ్రైవరుని పెట్టి నాలుగు ఊళ్ళు తిప్పుతాడు, వాయిదా ఒక్కటీ తప్పలేదు. రావిచెట్టు కింద అతనూ, పాతదే మేలన్న పెద్దమనిషీ ఇప్పటికీ వాదించుకుంటారు. యార్డులో ఉన్న రంగు బండిని ఎవరు కొన్నారో మాత్రం ఎవరూ చెప్పుకోరు.

నీతి

ఈ కథ పాత ట్రాక్టరుని పొగడడానికి చెప్పింది కాదు. యంత్రం వయసుని చూసి బేరం తేల్చుకోకూడదని, దాన్ని ఇన్నాళ్ళూ ఎవరు చూసుకున్నారో, ఇక మీద ఎవరు చూసుకుంటారో, ఏడాదికి ఎన్ని గంటల పని ఉందో చూసి తేల్చుకోవాలని దీని నీతి. ఈ మూడింటిలో మనం మొదటిదాని కోసం ఊళ్ళు తిరుగుతాం. రెండోదాని కోసం మన పెరట్లోకి వెళ్ళం.

గంటల సంగతి ముందు చెప్పాలి. వ్యవసాయ ఇంజనీర్లు ట్రాక్టరు ఖర్చు లెక్కగట్టేటప్పుడు సాధారణంగా ఏడాదికి 1,000 గంటలు, పదేళ్ళ ఆయుష్షు అని పెట్టుకుంటారు. మంగ లెక్కలో వచ్చింది 300. పెదనాన్నగారి అబ్బాయి బండి ఆ వెయ్యికి దగ్గరగా తిరుగుతోంది. అందుకే ఇద్దరూ గెలిచారు. గంటలు పెరిగేకొద్దీ కొత్తదాని వాయిదా పలచబడుతుంది, పాతదాని మరమ్మతు చిక్కబడుతుంది. కిరాయికి తిప్పే వరికోత మిషన్ల వాళ్ళది ఇంకా కఠినమైన లెక్క. ఒక ప్రాంతంలో కోతలు పట్టుమని కొన్ని వారాలే, బెల్టు తెగి మిషను చేలో నిలిచిపోతే పక్కవాడి మిషను ఆ పొలం కోసేసుకుని పోతుంది. అలాంటి చోట పాత మిషను చవక అనుకోవడం, ఇంట్లోనే మెకానిక్కు ఉంటే తప్ప, నాకు ధైర్యం కాదు దుస్సాహసం అనిపిస్తుంది.

ధరల పోలిక కూడా తాజాగా వేసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కి దిగింది. పాత పన్నుతో కలిపి ఎనిమిది లక్షలున్న బండి, కంపెనీ ఆ తగ్గింపు పూర్తిగా ఇస్తే, ఏడున్నర లక్షలకి వస్తుంది. కొత్తది యాభై వేలు తగ్గినప్పుడు పాతది ఎందుకు తగ్గదని అడిగే హక్కు కొనేవాడికి ఉంది. అమ్మేవాడు తను కొన్నప్పటి ధర చెబుతూనే ఉంటాడు, వినాల్సిన పని లేదు.

యాభై హెచ్‌పీ దాటిన బండ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. 2023 జనవరి నుంచి ఆ తరగతి కొత్త ట్రాక్టర్లకి ట్రెమ్-4 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. పొగ తగ్గింది, డీజిలు చిమ్మే పని చాలావాటిలో ఎలక్ట్రానిక్సు చేతికి పోయింది. పక్క ఊరి మేస్త్రి పానాతో విప్పి సరిచేసే కాలం ఆ బండ్లకి ముగిసింది. కంపెనీ మనిషి కంప్యూటరు పట్టుకు రావాలి. పట్నానికి దగ్గరున్నవాడికి ఇది సమస్య కాదు. ఏజెన్సీ ఊళ్ళో ఉన్నవాడు ముందు ఆలోచించుకోవాల్సింది ఇదే.

పాతదానికి దీన్ని తిరగేసిన చిక్కు ఉంటుంది. హెచ్‌ఎంటీ ట్రాక్టర్లని ఇప్పటికీ మెచ్చుకునే పెద్దవాళ్ళున్నారు. 1971లో హర్యానాలోని పింజోరులో మొదలైన ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం 2016లో ఒప్పుకుంది. బండి గట్టిదే కావచ్చు. సామాను ఎక్కడ దొరుకుతుందో మేస్త్రిని అడిగి, షాపు పేరు చెప్పించుకుని, ఆ తరవాతే అడ్వాన్సు ఇవ్వాలి. కొత్తది కొనేవాళ్ళు కూడా షోరూం కాగితంలో ఉన్న హెచ్‌పీ చూసి ఊరుకోనక్కర్లేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థ ఉంది. ఇలాంటి సంస్థలు ఇచ్చే పరీక్షా నివేదికల్లో ఇంజను శక్తి ఒకటి, వెనక పనిముట్లని తిప్పే ఇరుసు (పీటీఓ) దగ్గరికి నిజంగా చేరే శక్తి ఇంకొకటి అని విడిగా ఉంటుంది. రోటవేటరు తిప్పేది రెండోదే.

పనిముట్లన్నిటికీ ఒకే సూత్రం పనికిరాదు. గొర్రు, నాగలి, ట్రక్కు ఇనుప సామాను. అతుకులు చూసుకుంటే పాతవి కళ్ళు మూసుకుని కొనొచ్చు, సగం ధరకి వస్తాయి. రోటవేటరు పాతది కొంటే కత్తులు మార్చుకోవచ్చు గానీ గేరుబాక్సు మోత వినకుండా కొనకూడదు. మందు కొట్టే యంత్రం పాతది వద్దు. అందులో ఇదివరకు కలుపు మందు కొట్టారో పురుగు మందు కొట్టారో ఎవరూ నిజం చెప్పరు, ట్యాంకులో మిగిలిన కలుపు మందు మీ మిరపతోటని మాడ్చేదాకా తెలియదు. సబ్సిడీ సంగతీ ఇక్కడే చూడాలి. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద చాలా యంత్రాలకి 40 నుంచి 50 శాతం దాకా రాయితీ వచ్చింది, అదీ కొత్తవాటికే. రాయితీ దొరికిన చిన్న యంత్రానికి పాతది వెతుక్కోవడం అనవసరం. రాయితీ వస్తోందని పని లేని యంత్రం తెచ్చుకుని వానకి వదిలేసేవాళ్ళని చూస్తే మాత్రం నాకు వీర్రాజుగారే గుర్తొస్తాడు.

మూడు నాలుగెకరాల రైతుకి ఈ తగువులో ఏ పక్షమూ లేదు. ఏడాదికి అరవై గంటలు దాటని పనికి కొత్తదీ దండగే, పాతదీ దండగే. అలాంటి పదిమంది కలిసి ఒక కిరాయి బండితో ముందుగానే వరస రాసుకుని, అడ్వాన్సు ఇచ్చుకుంటే సరిపోతుంది. కష్టమల్లా ఆ పదిమందిని ఒక్కచోట కూచోబెట్టడమే.

ఇక కాగితాలు. పాత బండికి పేరు మార్పించడానికి ఫారం 29, 30. అప్పు ఉండి తీరిపోయి ఉంటే తాకట్టు కొట్టేయించడానికి బ్యాంకు నిరభ్యంతర పత్రంతో ఫారం 35. యజమాని పోయి ఉంటే వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31. ట్రక్కుకి వేరే ఆర్‌సీ ఉంటుందని చాలామంది మరిచిపోతారు. ఇంజను పేరు మార్పించుకుని, ట్రక్కుని పాత పేరు మీదే రోడ్డెక్కిస్తారు. ప్రమాదం జరిగితే రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, పరిహారం వాళ్ళ మెడకే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎప్పుడో అమ్మేశానంటే చెల్లదు. కథలో పెద్దాయన సత్తిబాబు చేత ఇంజనుకొకటీ ట్రక్కుకొకటీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, నకళ్ళు తీసి పెట్టుకున్నాకే తాళం మంగ చేతికి ఇచ్చాడు.